రైతు ఎమ్మెల్యే అయితే పొలం ఏమవుతుంది? పద్మనాభం తమ్ముడి ప్రశ్నకు నా జవాబు

ఈ తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. విశాఖ జిల్లా పద్మనాభం మండలంలో వాళ్ళ నాన్నగారికి ఎనిమిది ఎకరాలు. చెరువు కింద వరి, మెట్టలో కూరగాయలు, కొంత మామిడి. ఒకసారి సర్పంచిగా చేశారు. ఇప్పుడు ఒక పార్టీవాళ్ళు ఇంటికొచ్చి, వచ్చే అసెంబ్లీ ఎన్నికలకు మీ పేరు అనుకుంటున్నాం అంటున్నారు. ఆయన సరేనంటే వ్యవసాయం ఏమవుతుంది, భూమి అమ్మాల్సి వస్తుందా, ఇంటి పరిస్థితి ఎలా మారుతుంది?

తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తాను. మీ నాన్నగారు రావచ్చు. రైతులు రావాలి కూడా. కానీ భూమి అమ్మి మాత్రం రాకూడదు. ఎమ్మెల్యే అయితే సొంత చేతులతో చేసే సేద్యం ఆగిపోతుంది, పొలం మీద రాబడి తగ్గుతుంది. ఈ రెండూ ఖాయం, అవి తట్టుకోగలిగినవే. భూమి పోతే మాత్రం తట్టుకోలేరు. ఎకరం అమ్మి ఎన్నికల్లో పెట్టినవాడికి ఆ మర్నాటి నుంచి ఆ డబ్బు ఎలా రాబట్టాలన్నదే ఆలోచన. మీ నాన్నగారిని ఊళ్ళో జనం నమ్మిన మనిషిగా నిలబెట్టింది ఏదో, అది అక్కడితో పోతుంది.

నేను చోడవరం వైపు చెరకు రైతును. నీటి సంఘంలో, పంచాయతీలో పనిచేశాను. తర్వాత ఉమ్మడి విశాఖ జిల్లాలో ఒక రైతు ఎమ్మెల్యేగా గెలిస్తే, ఆయన ఆఫీసు పనులు చాలాకాలం నేనే చూశాను. పేరు ఇక్కడ చెప్పను. గెలిచినప్పుడూ ఓడినప్పుడూ పక్కనే ఉన్నవాణ్ణి కాబట్టి, చూసిందే రాస్తున్నాను.

పార్టీవాళ్ళు మీ ఇంటికే ఎందుకొచ్చారో ఒకసారి ఆలోచించండి. డబ్బున్నవాళ్ళకు విశాఖలో కొదవ లేదు. రియల్ ఎస్టేట్‌వాళ్ళు, కాంట్రాక్టర్లు, షిప్పింగ్ వ్యాపారులు టికెట్ కోసం వరసలో ఉంటారు. వాళ్ళ దగ్గర లేనిది మీ నాన్నగారి దగ్గర ఒకటి ఉంది. చెరువు తూము ఎప్పుడు ఎత్తాలన్న తగాదాలో ఆయన మాట విని ఉంటారు. సొసైటీ అప్పుకు పదిమందికి హామీ సంతకం పెట్టి ఉంటారు. నాట్ల సమయంలో కూలీల్ని పక్కవాడి మడికి వదిలి తన మడి రెండ్రోజులు ఆపుకుని ఉంటారు. ఇవన్నీ జనం గుర్తుపెట్టుకుంటారు.

మా ఎమ్మెల్యే గారి పేరు బయటికొచ్చింది నీళ్ళ దగ్గరే. 1997లో రైతుల సాగునీటి నిర్వహణ చట్టం వచ్చి నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టినప్పుడు ఆయన అధ్యక్షుడయ్యారు. మా కాలువ శివారు రైతులకు ఏటా నీళ్ళందేవి కావు. పూడిక ఒక కారణమైతే, పైన ఉన్నవాళ్ళు గట్టుకు కన్నం పెట్టి వేసుకున్న దొంగ తూములు ఇంకో కారణం. ఆయన మొదట తీయించింది సొంత బావమరిది వేసుకున్న సిమెంటు గొట్టం. గునపం పెట్టి పెకలిస్తుంటే బావమరిది గట్టు మీద నిలబడి తిట్టాడు. ఆ గొట్టం గట్టు మీద పడ్డాక మిగతావాళ్ళు ఒక్కొక్కరే తమంతట తామే తీసేసుకున్నారు. ఆ ఏడు శివారు మళ్ళలో వరి పండింది. తర్వాత సహకార చక్కెర ఫ్యాక్టరీలో డైరెక్టరుగా నిలబడినా, అసెంబ్లీకి నిలబడినా జనం ఆ గొట్టం సంగతే చెప్పుకునేవారు. పార్టీ జెండా తర్వాత వచ్చింది.

అందుకే నా సలహా, సర్పంచి నుంచి ఒకేసారి అసెంబ్లీకి దూకొద్దు. సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు. ఊళ్ళో ముఖం చూసి ఓటేస్తారు. అసెంబ్లీ అంటే పార్టీ గుర్తు, మూడు నాలుగు మండలాలు, మీ నాన్నగారిని ఎప్పుడూ చూడని లక్షమందికి పైగా ఓటర్లు. మధ్యలో నీటి సంఘమో, ఎంపీటీసీయో, జడ్పీటీసీయో ఏదో ఒకటి చేస్తే పక్క మండలం ఊళ్ళు తెలుస్తాయి, ఏ శాఖలో ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. నీటి సంఘాలకు చాలా ఏళ్ళ తర్వాత 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. మీ చెరువు సంఘంలో ఎవరున్నారో, ఆయనకు అక్కడ మాట చెల్లుతోందో లేదో చూసుకోండి. సొంత చెరువు దగ్గర చెల్లని మాట నియోజకవర్గంలో చెల్లదు.

మన ఉత్తరాంధ్రలో రైతు రాజకీయం పుట్టింది కూడా ఇలా కింది నుంచే. మనవైపు ఎక్కువ భాగం జమీందారీ. రైతు శిస్తు కట్టేవాడే గాని భూమి మీద గట్టి హక్కు లేదు. 1937-38లో రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా నడిచి వెళ్ళారు. అప్పటి మద్రాసు రాష్ట్ర ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రిగా ఉన్న టంగుటూరి ప్రకాశం గారు జమీందారీ విచారణ కమిటీకి అధ్యక్షత వహించారు. చివరికి 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. మన తాతల పట్టాలు చాలావరకు ఆ చట్టం తర్వాతివే. నిడుబ్రోలులో ఎన్.జి. రంగా గారు రైతుల కోసం రాజకీయ పాఠశాల నడిపారు, సభలు ఎలా పెట్టాలి, చట్టం ఎలా చదవాలి అన్నది నేర్పారు. బారువలో పుట్టిన గౌతు లచ్చన్న గారు ఆయన అనుచరుడే. మద్యనిషేధంతో ఉపాధి పోయిన కల్లుగీత కార్మికుల కోసం లచ్చన్న గారు గట్టిగా నిలబడ్డారు. ఆ మద్యనిషేధం గొడవ మీదే 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. వాళ్ళ అభిప్రాయాలతో ఏకీభవించినా లేకపోయినా ఒక్క సంగతి చూడండి. పదవి రాకముందే వాళ్ళ వెనక సంఘం ఉంది, జనం ఉన్నారు. పదవి పోయినా ఆ జనం పోలేదు.

ఇక డబ్బు సంగతి. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి మన రాష్ట్రంలో 40 లక్షలు. డిపాజిట్ 10,000, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు ఎన్నికల ఖర్చుకని విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు ఇవ్వాలి. లెక్క ఇవ్వకపోతే మూడేళ్ళ దాకా అనర్హత పడొచ్చు. ఇది చట్టం. బయట ఎంత ఖర్చవుతోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. దాన్ని నేను సమర్థించను. మీ నాన్నగారిని పిలిచినవాళ్ళను మొదటి రోజే సూటిగా అడగమనండి: "నా దగ్గర డబ్బు లేదు, భూమి అమ్మను. ఇది తెలిసే నన్ను రమ్మంటున్నారా?" ఆ మాట విన్నాక కూడా వాళ్ళు రెండోసారి ఇంటికొస్తే అప్పుడు ఆలోచించవచ్చు. రాకపోతే ఆయన పోగొట్టుకున్నదేమీ లేదు.

మాకు దగ్గర మండలంలోనే ఒక పెద్దరైతు సంగతి చెబుతాను. మంచిమనిషి. టికెట్ మీకేనని పైనుంచి మాటిచ్చారు. ఆ మాట నమ్మి హైవే పక్కనున్న భూమి అమ్మేశారు, ఏడాదిపాటు కార్యక్రమాలు చేశారు, కార్యకర్తలకు భోజనాలు, బళ్ళు, ఫ్లెక్సీలు. ఆఖరి జాబితాలో ఇంకొకరి పేరు వచ్చింది. ఎన్నికల్లో నిలబడకుండానే భూమి పోయింది. ఇప్పుడక్కడ లేఅవుట్ వేసి ప్లాట్లు అమ్ముతున్నారు. టికెట్ అనేది బీ-ఫారం (మా అభ్యర్థి ఈయనేనని పార్టీ ఇచ్చే పత్రం) చేతికొచ్చేదాకా టికెట్ కాదు, తమ్ముడూ. అంతకుముందు పెట్టే ప్రతి రూపాయీ పోయిందనే లెక్క.

ఎన్నికల ఖర్చు కన్నా ఎవరూ చెప్పని ఖర్చు ఇంకోటి ఉంది. గెలిచాక అయిదేళ్ళపాటు ప్రతి పెళ్ళికీ చదివింపులు, ప్రతి చావుకీ పరామర్శ, ప్రతి ఊరి అమ్మవారి పండగకీ చందా. మాఘం నుంచి వైశాఖం దాకా ముహూర్తాలు పడితే ఒక్క రాత్రే ఎన్ని పెళ్ళిపందిళ్ళు తిరిగేవాళ్ళమో. కొత్త అమావాస్యకు నూకాలమ్మ పండగ దగ్గరపడిందంటే ఊరూరి కమిటీలూ వచ్చేవి. మా ఎమ్మెల్యే గారు మొదటి నెలలోనే ఒక పద్ధతి పెట్టారు. పెళ్ళి ఎవరిదైనా, కాంట్రాక్టరుదైనా కూలీదైనా, చదివింపు ఒకటే మొత్తం, అదీ చిన్నది. పండగ చందా అమ్మవారి పేరున రసీదు ఇస్తేనే. మొదట్లో కొందరు మూతి ముడుచుకున్నారు. ఆర్నెల్లలో అందరూ అలవాటు పడ్డారు. ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ పెట్టి ఉంటే ఏ ఏటికాయేడు పెంచుకుంటూ పోవాల్సి వచ్చేది.

కాగితాలు ఇప్పుడే సరిచూసుకోండి. నామినేషన్‌తో పాటు ఫారం 26 అఫిడవిట్ ఇవ్వాలి. ఆయన పేరుమీద, అమ్మగారి పేరుమీద, ఆధారపడినవాళ్ళ పేరుమీద ఉన్న భూములు సర్వే నంబర్లతో సహా, బంగారం, బ్యాంకు నిల్వలు, అప్పులు, కేసులు, ప్రభుత్వానికి కట్టాల్సిన బకాయిలు అన్నీ అందులో రాయాలి. రైతుల ఇళ్ళలో సాధారణంగా జారిపోయేవి కొన్ని ఉన్నాయి. పంట రుణం అప్పుల్లో చూపించాలి. బంగారం కుదువపెట్టి తెచ్చిన లోను ఉంటే ఆ నగలు ఆస్తిలోనూ, లోను అప్పులోనూ రెండుచోట్లా రావాలి. అన్నదమ్ముల ఉమ్మడి పట్టాలో తన వాటా ఎంతో తేలాలి. సాదా కాగితం మీద కొని ఏళ్ళుగా దున్నుకుంటున్న ముక్క ఉంటే ప్లీడరును కూర్చోబెట్టి ఎలా చూపించాలో అడగాలి. తప్పుడు అఫిడవిట్‌కు ఆర్నెల్ల దాకా జైలు శిక్ష ఉంది. ఓడినవాళ్ళు ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయొచ్చు. గెలిచినవాణ్ణి కోర్టుల చుట్టూ తిప్పడానికి వాళ్ళు ముందు వెతికేది ఈ అఫిడవిట్‌లోనే.

విశాఖ చుట్టుపక్కల దీనికి తోడు ఇంకో చిక్కు. భూమి ఏ రకమో తేల్చుకోవాలి. జిరాయితీ (సొంత పట్టా భూమి) అయితే ఇబ్బంది లేదు. డి-పట్టా (పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి) అయితే, అదీ ఇంకొకరికి ఇచ్చిన డి-పట్టా భూమిని కొని సాగుచేస్తూ ఉంటే, 1977 అసైన్డ్ భూముల చట్టం కింద చిక్కే. చెరువు గర్భంలోకో గెడ్డ పోరంబోకులోకో గట్టు జరిగి ఉన్నా అంతే. మీ తాతగారి కాలంలో జరిగిందే కావచ్చు, ఇన్నేళ్ళూ ఎవరూ అడగకపోయి ఉండొచ్చు. మీ నాన్నగారి పేరు జాబితాలో వచ్చిన వారంలో సర్వేయరుతో కొలిపించమని ఎవరో ఒకరు అర్జీ పెడతారు. ఆ ముక్క ముందే ప్రభుత్వానికి వదిలేస్తే గౌరవంగా ఉంటుంది.

సహకార సంఘంలోనో ఫ్యాక్టరీలోనో పదవి ఉంటే అనర్హత అవుతుందా అని చాలామందికి టెన్షన్. ప్రభుత్వ వాటా ఉన్న కంపెనీల్లో మేనేజరు లాంటి పదవులకే ఆ నిబంధన, ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే సహకార సంఘాలను మినహాయించారు. ప్రభుత్వ పనుల కాంట్రాక్టు ఆయన పేరుమీద నడుస్తుంటే మాత్రం నామినేషన్‌కు ముందే తేల్చుకోవాలి.

ఇప్పుడు మీరు అసలు అడిగిన సంగతి, పొలం. మా ఎమ్మెల్యే గారు తెల్లవారుజామున అయిదింటికే లుంగీ కట్టి, తుండు భుజాన వేసుకుని చెరకు తోటలోకి వెళ్ళేవారు. మోటారు వేసి, నీళ్ళు ఏ సాలు దాకా వచ్చాయో కాలితో తడిమి చూసేవారు. ఆరున్నరకు తిరిగొచ్చేసరికి ఇంటి ముందు అరుగంతా జనం. ఒకరికి విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో బెడ్ కావాలి. ఒకరికి ముఖ్యమంత్రి సహాయనిధి కాగితాల మీద సంతకం కావాలి. ఒకరి కొడుకును స్టేషన్లో కూర్చోబెట్టారు. టీచరమ్మ బదిలీ, వితంతువు పింఛను, తిరుమల దర్శనానికి లెటర్, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్. వ్యవసాయ విధానం గురించి మాట్లాడదామని వచ్చేవాళ్ళు అరుదు. తొమ్మిదికి మండలాఫీసు, తర్వాత కలెక్టరేట్, సాయంత్రం విశాఖలో ఏదో సమావేశం, రాత్రి పరామర్శలు. రెండో ఏడాదికి ఆ తెల్లవారుజాము గంటన్నర కూడా పోయింది. ఎందుకంటే జనం అయిదున్నరకే రావడం మొదలుపెట్టారు.

చెరకు రైతుకు ఇంకో ఇబ్బంది ఉంది. బడ్జెట్ సమావేశాలు సరిగ్గా చెరకు నరుకుడు, గానుగ నడిచే రోజుల్లోనే వస్తాయి. ఇక్కడ ముఠా దొరికి గడలు నరుకుతుంటే అక్కడ వెలగపూడిలో సభ. గడ నరికాక రోజులు గడిస్తే తూకమూ పోతుంది, రసంలో తీపీ పోతుంది. ఫోనులో వ్యవసాయం చేయలేరు. మొదటి ఏడాది ఆయన అసెంబ్లీ లాబీ నుంచి ఫోన్ చేసి ఏ చెక్క ముందు నరకాలో చెప్పేవారు. ఇంటిదగ్గర వాళ్ళావిడ ఒక మాట చెబితే ఈయన ఇంకోటి చెప్పడం, ముఠా మేస్త్రి మధ్యలో నిలబడిపోవడం. చివరికి ఆవిడే తేల్చిచెప్పారు: "పొలం నాకు వదిలేస్తే పూర్తిగా వదిలేయండి. లేకపోతే మీరే వచ్చి చేసుకోండి." ఆ తర్వాత సేద్యమంతా ఆవిడే చూశారు. విత్తనం, ఎరువు, కూలి రేటు, బెల్లం అనకాపల్లి మార్కెట్‌కు ఏ రోజు తోలాలి, అన్నీ. బాగా చేశారు.

కాబట్టి మీ ఇంట్లో పొలం నిర్ణయాలు ఎవరివో ముందే ఒక్కరికి అప్పగించండి. అమ్మగారా, మీరా, లేక కౌలుకిస్తారా? కౌలుకిస్తే నోటిమాట మీద ఇవ్వొద్దు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం రాసి, కౌలుదారుకు సాగుదారు కార్డు ఇప్పించండి, ఈ-క్రాప్ అతని పేరుతో నమోదు చేయించండి. భూయజమాని సంతకం పెట్టడానికి వెనకాడటం వల్లే మన జిల్లాల్లో కౌలు రైతుకు బ్యాంకు అప్పు అందదు, పంట పోతే నష్టపరిహారం అందదు. రైతు పేరుతో ఓటడిగే మనిషి తన పొలం దున్నేవాడికి ఆ సంతకం పెట్టకపోతే ఏ ముఖంతో మాట్లాడతారు? ఈ విషయంలో నాకు చాలా పట్టుదల ఉంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పీఎం కిసాన్ ఏడాదికి 6,000 వస్తూ ఉంటే, గెలిచిన రోజే ఆపించేయండి. ఆ పథకం నిబంధనల్లో ప్రస్తుత ఎమ్మెల్యేలనే కాదు, మాజీలను కూడా మినహాయించారు. ఓడినా తిరిగి రాదు. సొమ్ము చిన్నదే, ఖాతాలో పడుతూ ఉంటే వచ్చే చెడ్డపేరు పెద్దది.

రైతు అసెంబ్లీకి వెళ్ళి చేయగలిగేది ఏమైనా ఉందా అంటే, ఉంది. చట్టం మొత్తం మార్చేయగలడని చెప్పను. పార్టీ విప్ (ఇలాగే ఓటేయాలన్న ఆదేశం) ఇస్తే దానికి వ్యతిరేకంగా ఓటేయడం కుదరదు, 1985 ఫిరాయింపుల చట్టం కింద సభ్యత్వమే పోతుంది. మనసులో ఒకటి ఉండి ఇంకోదానికి చెయ్యెత్తాల్సిన రోజులు వస్తాయి. మీ నాన్నగారు మొండిమనిషైతే ఇది ముందే చెప్పి ఉంచండి. అయినా ప్రశ్నోత్తరాల్లో, సభ నిబంధన 344 కింద జరిగే స్వల్పకాలిక చర్చల్లో, అన్నిటికన్నా ముఖ్యంగా జిల్లా సమావేశాల్లో రైతుకే తెలిసిన ప్రశ్నలుంటాయి.

ఉదాహరణకు చెరకు నియంత్రణ ఉత్తర్వు, 1966. చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. మా జిల్లాలో బకాయిలు నెలల తరబడి పేరుకున్న రోజులున్నాయి. సమావేశంలో అందరూ బకాయిలు ఎప్పుడిస్తారని అడుగుతుంటే, ఈయన మాత్రం వడ్డీ ఎంత లెక్క కట్టారో చెప్పమని అడిగేవారు. అధికారులు ఫైళ్ళు తిరగేసేవారు. వడ్డీ మొత్తం ఎప్పుడూ చేతికి రాలేదు, అది నిజం. కానీ ఆ ప్రశ్న వేసిన ప్రతిసారీ అసలు సొమ్ములో ఒక వాయిదా తొందరగా విడుదలయ్యేది. 2025-26 సీజన్‌కు కేంద్రం ప్రకటించిన ఎఫ్‌ఆర్‌పీ (మిల్లు రైతుకు ఇవ్వాల్సిన కనీస ధర) క్వింటాలుకు 355 రూపాయలు, అదీ 10.25 శాతం రికవరీ (చెరకు నుంచి వచ్చే చక్కెర శాతం) మీద. రికవరీ శాతం ఎలా కొలుస్తారో తెలిసినవాడే ఆ ధర గురించి మాట్లాడగలడు. తుమ్మపాల చక్కెర మిల్లు మూతపడ్డాక అటువైపు చెరకు రైతులు ఎటు పోయారో కళ్ళారా చూసినవాడు మాట్లాడే తీరు వేరు.

నీళ్ళ దగ్గర ఇంకా కష్టం. రైవాడ రిజర్వాయరు నీళ్ళు విశాఖ నగరానికి తాగడానికి వెళ్తాయి. ఆ నీళ్ళు సాగుకు వదలాలని ఆయకట్టు రైతులు ఏళ్ళుగా అడుగుతున్నారు. నగరం ఎమ్మెల్యే తాగునీరు అంటాడు, పల్లె ఎమ్మెల్యే సాగునీరు అంటాడు. ఇద్దరిదీ న్యాయమే. సాగునీటి సలహా మండలి సమావేశంలో నీళ్ళు ఏ తేదీన వదలాలో తేలుస్తారు. వారం అటూఇటూ అయితే కాగితం మీద తేడా ఏమీ ఉండదు, నారు ముదిరిపోయిన రైతుకు మాత్రం ఎకరానికి బస్తాలు తగ్గుతాయి. అక్కడ ఆ వారం కోసం కూర్చుని వాదించడం రైతు చేయగల పని. మా ఎమ్మెల్యే గారు చేసినవాటిలో నాకు ఎక్కువ గౌరవం ఉన్నది దీనికే. పేపర్లో ఒక్క ముక్క రాలేదు.

విశాఖ చుట్టూ రైతు నాయకుడికి అన్నిటికన్నా పెద్ద పరీక్ష భూసేకరణ. ఉక్కు ఫ్యాక్టరీకి 64 గ్రామాలవాళ్ళు భూములిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆర్-కార్డు (నిర్వాసితుల గుర్తింపు కార్డు) ఉండి ఉద్యోగం రాని కుటుంబాల మాట ఇప్పటికీ గాజువాక వైపు ప్రతి ఎన్నికల్లో వస్తుంది. సింహాచలం దేవస్థానం భూముల తగాదాలో ఉన్న పంచగ్రామాల్లో ఇళ్ళు కట్టుకుని తరాలుగా ఉంటున్నా భూమి హక్కు తేలక నలిగిపోతున్నారు. మీ భీమిలి, పద్మనాభం వైపు ఇప్పుడు రోడ్లు, లేఅవుట్లు ఎంత వేగంగా వస్తున్నాయో మీకే బాగా తెలుసు.

మావైపు ఒక ఊళ్ళో భూసేకరణ గ్రామసభ పెట్టారు. ఈయనది అధికార పార్టీ. జనం బల్లల మీద లేచి నిలబడి అరుస్తున్నారు. అధికారులు ధర చెప్పబోతుంటే ఈయన ఆపి, ముందు ఎవరెవరు సాగులో ఉన్నారో పేర్లు చదవమన్నారు. పట్టాదారుల పేర్లు చదివారు. "డి-పట్టాలవాళ్ళు? కౌలువాళ్ళు? చెట్లమీద బతికేవాళ్ళు?" అని అడిగారు. జాబితాలో లేరు. అక్కడే సభ ఆపించి, జాబితా తయారయ్యాకే మళ్ళీ రమ్మన్నారు. పార్టీలో పెద్దలకు కోపం వచ్చింది. భూమి చివరికి తీసుకున్నారు, అది ఆగలేదు. కానీ రెండో జాబితాలో చేరినవాళ్ళకు పరిహారం వచ్చింది.

ఇక్కడే ఇంకో గట్టి మాట. పదవిలో ఉండగా నియోజకవర్గంలో ఒక్క సెంటు కూడా కొనొద్దు. మీ పేరుతో వద్దు, అల్లుడి పేరుతో వద్దు, బావమరిది పేరుతో వద్దు. రోడ్డు ఎటు వెళ్తుందో, ఏ సర్వే నంబరు దేనికి తీసుకుంటారో ఎమ్మెల్యేకి జనం కన్నా ముందు తెలుస్తుంది. బంధువులు అడుగుతారు, చుట్టూ ఉన్నవాళ్ళు మీకు తెలియకుండానే మీ పేరు చెప్పి అడ్వాన్సులు ఇస్తారు. భూమి కొనే ఎమ్మెల్యేని రైతులు తమవాడనుకోవడం మానేస్తారు. ఆయన ఎన్ని కాలువలు తవ్వించినా సరే.

ఓటమి గురించి కూడా ఇంట్లో మాట్లాడుకోండి. మా ఎమ్మెల్యే గారు ఓడిన మర్నాడు గన్‌మ్యాన్లు వెళ్ళిపోయారు. వారంలో ఫోన్లు తగ్గాయి. అరుగు మీద ఇద్దరో ముగ్గురో మిగిలారు, వాళ్ళు చిన్నప్పటి స్నేహితులు. మాజీలకు పింఛను ఉంటుంది కాబట్టి ఇల్లు గడవడానికి ఇబ్బంది లేదు. అయినా చాలామంది మాజీలు ఆ ఖాళీని భరించలేక అప్పులు చేసి మళ్ళీ కార్యక్రమాలు మొదలుపెడతారు. ఈయనకు ఆ అవసరం రాలేదు. భూమి అంతా అలాగే ఉంది, అప్పు పంటరుణం ఒక్కటే. ఆ కార్తెకు చెరకు నాటించారు. వాళ్ళావిడ చేతిలో ఉన్న పొలం పెత్తనం మాత్రం తిరిగి అడగలేదు, ఆవిడ చెప్పిన పని చేసేవారు. తర్వాత ఆయన మళ్ళీ పోటీ చేయాలా వద్దా అన్నది ఎవరి ఒత్తిడీ లేకుండా ఆయనే నిర్ణయించుకున్నారు.

ఇంకొక్కటి. నియోజకవర్గాల పునర్విభజన జరిగితే హద్దులు మారొచ్చు, రిజర్వేషన్ మారొచ్చు. 2009 ఎన్నికలకు పరవాడ నియోజకవర్గమే లేకుండా పోయింది, గాజువాక కొత్తగా వచ్చింది. పరవాడను నమ్ముకుని ఏళ్ళ తరబడి పనిచేసుకున్నవాళ్ళు రాత్రికి రాత్రి ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోయారు. మహిళా రిజర్వేషన్‌కు 2023లో రాజ్యాంగ సవరణ కూడా అయింది. కాబట్టి ఫలానా సీటు మనదే అని ఇప్పటి నుంచే ఖర్చు మొదలుపెట్టడం బొత్తిగా తెలివైన పని కాదు. అమ్మగారికి ఆసక్తి ఉంటే ఆ కోణంలో కూడా ఆలోచించండి. నేను పరిహాసానికి అనడం లేదు. మా మండలంలో బాగా పనిచేసిన సర్పంచుల్లో ఎక్కువమంది రైతు ఇల్లాళ్ళే.

ఈ నెలలో చేయాల్సిన పని ఇది. మీ ఎనిమిది ఎకరాలకూ 1-బీ, అడంగల్ (భూమి హక్కు, సాగు రికార్డులు) తీయించండి. ఈసీ (భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయించండి. 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఏ ముక్కైనా ఉందేమో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చూపించుకోండి. అది అయ్యాక నాన్నగారూ అమ్మగారూ మీరూ కూర్చుని, ఏమైనా సరే అమ్మకూడని భూమి ఏదో తేల్చుకోండి. నన్నడిగితే మొత్తం ఎనిమిదీ. రికార్డుల్లో ఏదైనా చిక్కు కనిపిస్తే, సర్వే నంబరు, పేర్లు పెట్టకుండా భూమి ఏ రకమో మాత్రం కింద రాయండి. దానికి ఏ కాగితం కావాలో, ఎవరికి అర్జీ పెట్టుకోవాలో చెబుతాను.